మా ఇంట్లోకి దేవుడు ఎవరి వెంట వచ్చాడు

మీ మతం ఏమిటని అడిగితే ఎవరైనా ఒక్క మాటలో జవాబు చెబుతారు. ఆ జవాబు విన్నాక కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. మీ ఇంట్లోకి ఆ దేవుడు ఎప్పుడు వచ్చాడు, ఎవరి వెంట వచ్చాడు, వచ్చినందుకు మీవాళ్లు ఏం పోగొట్టుకున్నారు అని అడిగితే మాత్రం మనిషి కాసేపు ఆలోచనలో పడతాడు. చాలామందికి జవాబు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పడానికి తటపటాయిస్తారు. ఒంగోలులో మేం కొందరం ఆ ప్రశ్నను ఒకరినొకరం అడుక్కున్నాం. నెలకొకసారి రెండో శనివారం సాయంత్రం కూర్చుని, ఒక్కో నెల ఒక్కొక్కరం మా ఇంటి భక్తి చరిత్ర చెప్పుకున్నాం. నా వంతు కోసం ఏం వెతికానో, ఏం చెప్పానో, మిగతావారి దగ్గర ఏం విన్నానో రాస్తున్నాను. మిగతావారి సంగతులు వారిని అడిగి, వారు సరేనన్నంతవరకే రాస్తున్నాను.

ఈ ఆలోచన మా మేష్టారిది. హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. మాలో ఎక్కువమంది ఆయన దగ్గర పనిచేసినవాళ్లం. ఆయన పెట్టిన నియమాలు మూడే. ఎవరింటి సంగతి వారే చెప్పాలి. ‘మా మతం ఏమంటుందంటే’ అని మొదలుపెడితే అక్కడే ఆపించేవారు. గ్రంథంలోని మాట చెప్పాలంటే ఆ మాట మీ ఇంట్లో ఏదో ఒక పని చేసి ఉండాలి అనేవారు. రెండోది, చెప్పబోయే ముందు ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చుని అడిగి రావాలి. మూడోది, వినేవాళ్లు ఎప్పుడు, ఎవరు, ఎలా అని మాత్రమే అడగాలి. ఎందుకు అని అడగకూడదు. అన్నింటికంటే ఎక్కువ అక్కరకు వచ్చింది ఈ మూడోదే. ‘ఎందుకు మారారు’ అన్నామంటే ఎదుటి మనిషి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడతాడు. ‘ఎలా మారారు’ అంటే కథ చెబుతాడు.

నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. మా ఊరు గుండ్లకమ్మ ఒడ్డున ఉంది. అమ్మ వైపు, నాన్న వైపు కూడా మేం బాప్టిస్టు క్రైస్తవులం. మాది మాదిగపల్లె. ఈ మాట చెప్పకుండా మా ఇంటి విశ్వాస చరిత్ర చెప్పడం కుదరదు. నా నమ్మకం ఏమిటంటే, మన నేల మీద ఎవరి ఇంటి భక్తి చరిత్రను తవ్వినా అడుగున కులం తగులుతుంది. దాన్ని దాచిపెట్టి సర్వమత సమానత్వం గురించి ఎంతసేపు మాట్లాడుకున్నా అది పూలదండల సభగానే మిగులుతుంది. అందుకే ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది చెప్పాలని నిర్ణయించుకున్నాను.

వెతకడం ఇంటి బైబిలుతో మొదలైంది. దాని మొదటి ఖాళీ పేజీలో మా తాతగారు పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు సిరాతో రాసి పెట్టారు. అక్కడి నుంచి మా చర్చి సంఘం పాత రిజిస్టర్ల దగ్గరికి వెళ్లాను. చెదలు తినగా మిగిలిన పేజీల్లో కొన్ని చోట్ల పాత పేరు పక్కన కొత్త పేరు రాసి ఉంది. గ్రామదేవత పేరు పక్కన బైబిలు పేరు. ఆ రెండు పేర్ల మధ్య ఉన్న జానెడు చోటులో ఒక మనిషి జీవితమంతా మలుపు తిరిగింది కదా అని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా తాతగారి తాత పేరు మాత్రం దొరకలేదు. ఉండాల్సిన పేజీలు లేవు.

రిజిస్టరులో దొరకనిది మా మేనత్త దగ్గర దొరికింది. తొంభై దాటిన మనిషి. కళ్లు సరిగా కనబడవు గానీ కీర్తనలు ఒక్క పాదం తప్పిపోకుండా పాడుతుంది. ఊళ్లో ఆమె మంచం పక్కన కూర్చుని, “అత్తా, మనం దేవుని నమ్ముకోక ముందు మనవాళ్లు ఏం చేసేవాళ్లు?” అని అడిగాను. “చీకట్లో ఉండేవాళ్లం” అంది. చిన్నప్పటి నుంచి సంఘంలో వింటున్న జవాబే. మరునాడు మళ్లీ అడిగాను. అప్పుడు గొంతు తగ్గించి, తన నాయనమ్మ తనకు చెప్పిన సంగతి చెప్పింది. మా తాతగారి తాతకు ఒక అక్క ఉండేది. ఆమె మాతంగి.

మాతంగి అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. మాదిగ స్త్రీని అమ్మవారి పేర నిలిపేవారు. ఆమెకు పెళ్లి ఉండదు. జాతరలో పూనకం వచ్చినప్పుడు ఆమె ఊరివాళ్ల మీద కల్లు పుక్కిలించి ఉమ్మేది, పెద్ద కులాలవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేది, వాళ్లు దాన్ని ఆశీర్వాదంగా తీసుకుని తల వంచేవారు. ఆ జాతర అయిపోగానే ఆమె మళ్లీ పల్లెకు వచ్చి, ఎవరో ఒకరు దయతలచి బావిలో నీళ్లు తోడి పోసేదాకా కుండ పట్టుకుని నిలబడాల్సిందే. మా మేనత్త దీన్ని సిగ్గుతో చెప్పింది. “ఎక్కడా చెప్పబాకమ్మా” అని కూడా అంది. ఎందుకు చెప్పాలనుకుంటున్నానో ఆమెకు వివరించడానికి నాకు చాలా సమయం పట్టింది. ఆ తల్లి చీకట్లో ఉందని అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె జీవితం గొప్పదని పొగిడి, పెళ్లి లేకుండా, ఇష్టం అడగకుండా ఆమెను నిలబెట్టిన ఊరిని వదిలేయడానికీ మనసు రాలేదు. జరిగింది జరిగినట్టు చెబుతానన్నాను. మా మేనత్త కాసేపు ప్రార్థన చేసి, “సరే, ఆమెకు చెడ్డపేరు రాకుండా చెప్పు” అంది.

నా వంతు వచ్చిన సాయంత్రం ఆ మాతంగితోనే మొదలుపెట్టాను. ఆ తర్వాత 1866కు వచ్చాను. ఆ ఏడాది తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. మిషను చరిత్రల్లో ఆయన పేరు తరచూ కనిపిస్తుంది గానీ, క్రైస్తవుడు కాకముందే ఆయన యోగమార్గంలో గురూపదేశం పొందినవాడన్న సంగతి మా సంఘాల్లో తక్కువమందికి తెలుసు. మాదిగపల్లెల్లో అప్పటికే గురువులు, ఉపదేశాలు, రాత్రిళ్లు తత్త్వాలు పాడుకోవడం ఉన్నాయి. ఖాళీగా ఉన్న మనసుల్లోకి ఎవరో వచ్చి దేవుణ్ణి నింపలేదు. పేరయ్య వెతుకుతున్న మనిషి, వెతుకుతూనే అక్కడికి చేరాడు. ఈ మాట చెబుతున్నప్పుడు నా గొంతు కొంచెం పెరిగిందని తర్వాత నా పక్కన కూర్చున్నవారు చెప్పారు. పెరగనీ.

అదే ఏడాది అదే మిషనుకు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చారు. మొదట ఆయన మాటలు వినడానికి వచ్చిన పెద్ద కులాలవాళ్లు, మాదిగలను చేర్చుకుంటే మేం రామని చెప్పేశారు. ఏం చేయాలో తెలియక ఆయన ఒక గదిలో, భార్య మరో గదిలో ప్రార్థన చేస్తూ బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. లోకం తక్కువగా చూసినవారినే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం అది. మేష్టారి నియమం ప్రకారం గ్రంథంలోని మాట మా ఇంట్లో పని చేసి ఉంటేనే చెప్పాలి. ఇది చేసింది. ఆ రోజు ఆ పేజీ తెరుచుకోకపోతే ఒంగోలు మిషను వేరే దారి పట్టేదేమో.

తర్వాత 1876–78 కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న పల్లెలకు కూలి పని ఇచ్చారు. మా తాతగారి తాత అక్కడ మట్టి మోశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ఇంటి మాట ప్రకారం ఆయన ఆ గుంపులో ఉన్నాడు.

ఇక్కడ మా లెక్కల మేడమ్ అడిగారు: “కాలువ పని జరుగుతున్నప్పుడే బాప్తిస్మాలు ఇచ్చారా?” చాలా మర్యాదగా అడిగారు. ఆ ప్రశ్న వెనక ఉన్నది నాకు తెలుసు. అన్నం కోసం మతం మారారనే మాట స్కూల్లో, స్టాఫ్‌రూములో, బస్సులో ఎన్నిసార్లు విన్నానో. ఇవ్వలేదని చెప్పాను. సహాయం జరుగుతున్నంతకాలం క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశారు, ఆ మాట పడకూడదనే. కరువు తగ్గి, పంచిపెట్టడం ఆగాక జనం వచ్చారు. ఇది చరిత్రలో ఉన్న సమాధానం. నాకు ఇంకో సమాధానం కూడా ఉంది, దాన్నీ చెప్పాను. ఊరంతా చూస్తూ ఊరుకున్న కాలంలో ఒక మనిషి పని ఇచ్చి, కూలి ఇచ్చి, పక్కన కూర్చుని మాట్లాడితే, ఆ మనిషి నమ్మే దేవుడి గురించి తెలుసుకోవాలనిపించడం నాకు తప్పుగా కనబడదు. ఆకలి మనిషికి ఆలోచన ఉండదని అనుకోవడమే నాకు తప్పుగా కనిపిస్తుంది.

చివరగా కాగితాల సంగతి చెప్పాను. అది చెప్పాలా వద్దా అని చాలా రోజులు మథనపడ్డాను. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి కిందికి వస్తారు. మా నాన్న కాగితం మీద కూడా క్రైస్తవుడిగానే ఉంటానన్నాడు, నా సర్టిఫికెట్ బీసీ-సి. బంధువుల్లో మరో శాఖ హిందూ అని రాయించుకుంది. ఆదివారం రెండు శాఖలూ ఒకే చర్చిలో కూర్చుంటాయి. వాళ్లను నేను తప్పుపట్టను. బాప్తిస్మంతో ఊరు మమ్మల్ని పిలిచే పిలుపు మారలేదు, ఇల్లు పల్లె నుంచి ఊళ్లోకి జరగలేదు. హోదా ఒక్కటే పోయింది. మా బృందంలో కొందరికి ఈ సంగతే తెలియదు. ఏళ్ల తరబడి పక్క పక్క కుర్చీల్లో కూర్చుని జీతాలు తీసుకున్నవాళ్లం మేం.

మిగతావారి వంతుల గురించి రాస్తే పుస్తకం అవుతుంది. అన్నీ రాయను. లెక్కల మేడమ్ వాళ్లు జంధ్యం వేసుకోని శ్రీవైష్ణవులు, చాత్తాదవారు. తరతరాలుగా గుడికి పూలమాలలు కట్టే ఇల్లు. వాళ్ల అమ్మమ్మకు తమిళం రాదు, తెలుగు లిపిలో అచ్చువేసిన తిరుప్పావై ముప్పై పాశురాలూ నోటికి వచ్చు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆమె చదువుతుంటే పూలు కట్టే చేతులు ఆ లయలోనే కదిలేవట. బ్యాంకులో పనిచేసే మిత్రుడు తెనాలి వైపువాడు. వాళ్ల తాతయ్య, నాయనమ్మల పెళ్లి పురోహితుడు లేకుండా, త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో కూర్చిన వివాహవిధి ప్రకారం జరిగింది. ఆ ఇంట్లో దేవుడు లేడు గానీ ఆ ప్రమాణాల కాగితాన్ని వాళ్లు దాచుకున్న తీరు చూస్తే, అది కూడా ఒక పరంపరే అనిపించింది. ఆ మాట ఆయనతో అంటే ఒప్పుకోలేదు. “పరంపర అనకండి, నిర్ణయం అనండి” అన్నాడు. సరే, నిర్ణయం.

నన్ను ఎక్కువ కదిలించింది మా హిందీ మేష్టారు చెప్పినది. ఆయన నూర్ బాషా, అంటే ఊళ్లలో దూదేకులవారంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాత పల్లెల్లో తిరిగి పరుపులకు, బొంతలకు దూది ఏకేవాడు. నాయనమ్మకు చాలాకాలం పిల్లలు లేకపోతే నెల్లూరు వెళ్లింది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఎవరో ముక్కూమొహం తెలియని హిందూ స్త్రీ చేతి నుంచి ఆమె సంతాన రొట్టె తీసుకుని తిన్నది. తర్వాత ఆయన తండ్రి పుట్టాడు. ఆ తండ్రే పెద్దవాడయ్యాక మత బోధకు తిరిగే జమాత్‌తో వెళ్లి వచ్చి, దర్గాలు, పీర్లు, రొట్టెలు ధర్మం కాదని ఇంట్లో అన్నీ మాన్పించాడు. నాయనమ్మ ఎదురు చెప్పలేదట. ఒక్కసారి మాత్రం, “నువ్వు రొట్టెకు పుట్టినవాడివిరా నాయనా” అందట. తండ్రి దగ్గర నేర్చుకున్న నమాజును ఈయన ఈ రోజుకీ మానలేదు. నాయనమ్మ మాటనూ మరిచిపోలేదు. రెండింటినీ ఒకే సాయంత్రం, దేన్నీ తక్కువ చేయకుండా చెప్పాడు. భక్తి చరిత్ర అంటే మతం మారడమే అనుకుంటాం. మతం మారకుండానే ఒక ఇంటి భక్తి ఎంత మారిపోతుందో ఆ రోజు తెలిసింది.

మేష్టారు తన వంతును అందరికంటే చివరికి ఉంచుకున్నారు. వాళ్లది రైతు కుటుంబం. ముత్తాత ఊరి మునసబు. మా ఊరు కాదు, మా వైపు ఊరే. క్రైస్తవులైన మాదిగలకు మూడు కట్టుబాట్లు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. దానితో జాతరలో డప్పు కొట్టడమూ మానేశారు. ఈ భాగం నేను నా వంతులో గర్వంగా చెప్పాను. మేష్టారు అదే సంఘటనను రెండో వైపు నుంచి చెప్పారు. వాళ్ల నాయనమ్మ తన అత్తగారి దగ్గర విన్న మాట: “ఆ ఏడు అమ్మవారికి డప్పు మోగలేదు.” డప్పు లేని జాతర జాతరే కాదు. అమ్మవారు అలిగిందని ఊరు వణికిపోయింది. ఆ తర్వాత ఊళ్లో కలరా వచ్చింది. వాళ్లింట్లో ఒక పసివాడు పోయాడు. మునసబు ఆజ్ఞ ఇచ్చాడు: డప్పు ముట్టుకునేదాకా పల్లెవాళ్లకు ఎవరూ నీళ్లు తోడిపోయకూడదు, చెప్పులకు, నీళ్లు తోడే తోలు కపిల బానలకు బదులుగా కళ్లంలో ఇచ్చే ధాన్యపు మేర ఇవ్వకూడదు.

“మా ఇంట్లో దీన్ని పసివాడి చావు కథగా చెప్పుకునేవారు. ఎండాకాలంలో నీళ్లు ఆపిన కథగా ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పాక ఆ రెండూ ఒకే కథని తెలిసింది” అన్నారు మేష్టారు. క్షమించమని అడగలేదు, నేనూ ఆ మాట కోరలేదు. నీళ్లు ఎన్నాళ్లు ఆపారని అడిగాను. తెలియదన్నారు. వాళ్ల నాయనమ్మ ఆ సంగతి చెప్పలేదు, ఈయన అడగలేదు. మాతంగి వాళ్ల వాకిట్లోకి వచ్చేదా అని అడిగాను. వచ్చేదట, ఇంటి ఆడవాళ్లు ఎదురొచ్చి కాళ్లు కడిగేవారట. నీళ్లు ఆపిన ఇల్లే ఆ కాళ్లు కడిగింది. ఆ రెంటినీ పక్క పక్కన పెట్టి చూసే అవకాశం నా జీవితంలో మరెక్కడా దొరికేది కాదు. మా సంఘంలో ఒక సగమే ఉంది, మేష్టారి ఇంట్లో రెండో సగం ఉంది.

అందుకే ఇలాంటి మాటలు వేర్వేరు ఇళ్లవాళ్లు కలిసి కూర్చుని చెప్పుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. సొంతవాళ్ల మధ్య చెప్పుకుంటే సాక్ష్యం అవుతుంది, బాగుంటుంది, కానీ అందులో ఎదుటి ఇంటి పసివాడు కనబడడు. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నేను చెప్పేది ఒక్కటే: బతికి ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. రిజిస్టర్లు ఇంకో ఏడాది ఆగుతాయి. మొదటి రోజు వాళ్లు చెప్పేది ఎప్పుడూ చెప్పే జవాబే. మరునాడు కూడా అక్కడే ఉండండి.

నేను కాగితాల సంగతి బయటపెట్టినందుకు మా అన్నయ్యకు, అంటే పెద్దనాన్నగారి అబ్బాయికి, కోపం వచ్చింది. కొంతకాలం ఫోను చేయలేదు. ఇది రాశాక మొదట ఆయనకే చదివి వినిపించాను. ఊరి పేరు రాయకపోతే అభ్యంతరం లేదన్నాడు. రాయలేదు.

మేష్టారు చెప్పిన డప్పు కథను మా మేనత్తకు చెప్పాను. అంతా విని, ఆ పసివాడి పేరేమిటని అడిగింది. సంక్రాంతి సెలవుల్లో ఒంగోలు తీసుకెళితే తానే వచ్చి మేష్టారితో మాట్లాడతానంది. మాట్లాడే ముందు ప్రార్థన చేస్తానని షరతు పెట్టింది. అది మా నియమాలకు ఒప్పుతుందా అని అందరినీ అడిగాను. తెనాలి మిత్రుడే ముందుగా, “పెద్దామె ఎలా మొదలుపెట్టాలనుకుంటే అలాగే మొదలుపెట్టనివ్వండి” అన్నాడు. మేం ఎప్పుడూ కూర్చునే మేడ మెట్లు ఆమె ఎక్కలేదు కాబట్టి ఆ సాయంత్రం మేష్టారి ఇంటి వరండాలో కూర్చుంటాం.